దర్గా దగ్గర అమ్మ ఏమని అడుగుతుంది?

ప్రశ్న: పెళ్లయిన ఆరేళ్లకు నాకు బాబు పుట్టాడు. ఆ ఆరేళ్లలో మా అమ్మ ఎక్కని దర్గా మెట్టు లేదు. బిడ్డ పుడితే సమాధి మీద చాదర్ కప్పుతానని, మేకను కోసి వండి పెడతానని, పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తానని మొక్కుకుంది. బాబుకు ఇప్పుడు మూడేళ్లు. చుట్టూ జుట్టు తీయించి, నడినెత్తిన వలీ (దర్గాలోని పుణ్యపురుషుడు) పేరు మీద పిలక ఉంచాం. ఈలోగా మా తమ్ముడు ఖురాన్ క్లాసులకు వెళ్లడం మొదలుపెట్టాడు. దర్గాకు వెళ్లడమే షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) అంటాడు. అమ్మ తెచ్చిన తబర్రుక్ (దర్గా ప్రసాదం) ముట్టుకోడు. మొన్న అందరి ముందు "నీ నమాజు కూడా చెల్లదు" అనేశాడు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఇంకోపక్క, మొక్కు తీర్చకపోతే బాబుకు ఏమన్నా అవుతుందేమోనని ఆమెకు భయం. నిజం చెప్పాలంటే నాకూ అదే టెన్షన్. వాడికి జ్వరం వస్తే చాలు, మొక్కే గుర్తొస్తుంది. అమ్మ అయితే ముందు తాయెత్తు కడుతుంది, ఆ తర్వాతే డాక్టర్. దర్గాకు వెళ్లడం ఇస్లాంలో ఉందా, లేదా? ఈ మొక్కు తీర్చాలా, వద్దా?
ఒక సోదరి

జవాబు:

చెల్లెమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా. మొక్కు తీర్చలేదన్న కారణానికి మీ బాబుకు ఏ కీడూ జరగదు. జ్వరం వస్తే అది జ్వరమే, వలీ ఆగ్రహం కాదు. ఖురాన్ పదో సూరా (అధ్యాయం) 107వ ఆయతులో (వాక్యంలో) ఈ మాట సూటిగా ఉంది: అల్లాహ్ కష్టం కలిగిస్తే ఆయన తప్ప దాన్ని తీసేవారు లేరు, ఆయన మేలు చేయదలిస్తే అడ్డుపడేవారూ లేరు. సంతానం గురించైతే 42వ సూరా 49, 50 ఆయతుల్లో ఇంకా విడమరిచి చెప్పాడు. తాను కోరినవారికి ఆడపిల్లలనిస్తాడు, కోరినవారికి మగపిల్లలనిస్తాడు, కొందరికి ఇద్దరినీ ఇస్తాడు, కొందరికి సంతానమే లేకుండా చేస్తాడు. ఇచ్చేవాడు ఒక్కడే. మీ ఒడిలో బాబును పెట్టిందీ ఆయనే.

ఇక వలీల మాట. అల్లాహ్‌కు అంత దగ్గరైన మనిషి, చాదర్ రాలేదని మూడేళ్ల పసివాడి మీద కోపం పెట్టుకుంటాడా? 1325లో ఢిల్లీలో కన్నుమూసిన హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా గురించి ఆయన మురీదుల (శిష్యుల) నుంచి వచ్చిన సంగతి ఒకటుంది. ఆయనకు దాదాపు ఎప్పుడూ ఉపవాసమే. సహరీకి (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనానికి) ఏదన్నా తెచ్చి ముందు పెడితే, మసీదు అరుగుల మీద ఎంతమంది ఆకలితో పడుకుని ఉన్నారో, నాకీ ముద్ద గొంతు ఎలా దిగుతుందని పక్కన పెట్టేసేవారట. అలాంటి పెద్దల్ని మనం ఎలా ఊహించుకుంటున్నామో చూడండి, గడువు దాటిందని గుమ్మం ముందు నిలబడే అప్పులవాడిలా! వలీని గౌరవిస్తున్నామనుకుంటూనే ఆయన్ని ఇంత చిన్న మనిషిని చేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీ తమ్ముడి మొదటి మాట దగ్గరికి వస్తాను. దర్గాకు వెళ్లడమే షిర్క్ అన్నది తప్పు మాట. దైవప్రవక్త (స) మొదట్లో సమాధుల సందర్శనను వారించిన మాట నిజమే. ఆ తర్వాత ఆయనే "నేను మిమ్మల్ని సమాధులను సందర్శించవద్దని వారించాను, ఇక సందర్శించండి" అన్నారు. ఇది సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటల) సంకలనంలో ఉంది. అవి పరలోకాన్ని గుర్తు చేస్తాయని కారణం కూడా చెప్పారు. ఆయన రాత్రిపూట మదీనాలోని ఖబరస్తాన్ జన్నతుల్ బఖీకి వెళ్లి, అక్కడ పడుకున్నవారికి సలాం చెప్పి, వారి మన్నింపు కోసం దుఆ (ప్రార్థన) చేసేవారు. కన్నతల్లి ఆమినా సమాధి దగ్గర నిలబడి తాను ఏడ్చారు, చుట్టూ ఉన్నవారినీ ఏడిపించారు. కాబట్టి ఒక సమాధి దగ్గరికి వెళ్లి నిలబడటం, సలాం చెప్పడం, కళ్లు చెమ్మగిల్లడం, వీటిలో ఏదీ ఇస్లాంకు బయటిది కాదు.

ఆడవాళ్లు వెళ్లవచ్చా అన్నదానిపై ఆలిముల్లో (మతపండితుల్లో) తేడా ఉంది. సమాధులకు పదేపదే వెళ్లే స్త్రీలను ప్రవక్త (స) శపించారన్న హదీసును పట్టుకుని కూడదన్నవారున్నారు. ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా (ర) తన సోదరుడు అబ్దుర్రహ్మాన్ సమాధికి వెళ్లారని, సమాధుల దగ్గర ఏమనాలని ఆమె అడిగితే ప్రవక్త (స) ఆమెకు సలాం మాటలు నేర్పారని, కాబట్టి ఏడ్పులు పెడబొబ్బలు లేకపోతే వెళ్లవచ్చని అన్నవారూ ఉన్నారు. నాకు ఈ రెండోదే బలంగా కనిపిస్తుంది. వెళ్లవద్దన్నవారిని తప్పుబట్టను.

"మూడు మసీదులకు తప్ప ప్రయాణం కట్టవద్దు" అన్న హదీసు కూడా మీ తమ్ముడు చూపిస్తాడు. కాబా మసీదు, మదీనాలోని ప్రవక్త మసీదు, జెరూసలేంలోని అల్ అఖ్సా, ఆ మూడూ. సమాధి సందర్శన కోసమే దూర ప్రయాణం చేయడం దీని కిందికి వస్తుందని ఇమామ్ ఇబ్నె తైమియా ఫత్వా (మత తీర్పు) ఇచ్చారు. దానికి 1326లో ఆయన్ను డమాస్కస్ కోటలో బంధించారు, 1328లో ఆయన అక్కడే చనిపోయారు. ఆయన్ను బంధించిందీ ముస్లిం పాలకులే, అందుకు సై అన్నదీ ముస్లిం ఆలిములే. ఆ హదీసు మసీదుల గురించే, సమాధుల గురించి కాదన్నది ఎక్కువమంది ఆలిముల మాట. అంటే ఇది ఏడు వందల ఏళ్లుగా పండితుల మధ్య నలుగుతున్న విషయం. రెండు నెలల క్లాసులతో తేల్చేసి, అమ్మ నమాజును కొట్టిపారేసేంత తేలికది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని వాదనగా చెప్పడం కంటే, నేను చూసింది చెబితే మీకు బాగా అర్థమవుతుందనుకుంటాను.

నాకు పదేళ్లప్పుడు మా నానమ్మ వెంట ఒక దర్గాకు వెళ్లాను. సమాధి చుట్టూ ఉండే జాలీ పక్కన, ఊదు పొగలో, ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. కుడిపక్క నానమ్మ. కొంగు నెత్తి మీదికి లాక్కుని, రెండు చేతులూ చాపి మెల్లగా అంటోంది: "యా అల్లాహ్, ఈయన నీకు ఇష్టమైనవాడు. ఈయన గుమ్మంలో నిలబడి నిన్ను అడుగుతున్నాను. నా కొడుకు నౌకరీ నిలబెట్టు." ఎడమపక్క ఒకావిడ జాలీని రెండు చేతులా పట్టుకుంది, కణుపులు తెల్లబడేంత గట్టిగా. నుదురు దానికి ఆనించి అంటోంది: "బాబా, ఇది మూడోసారి రావడం. నువ్వే ఇవ్వాలి. నువ్వు ఇవ్వకపోతే నాకింకెవరున్నారు?"

అదే గుమ్మం, అదే ఊదు, అవే గులాబీ రేకులు. దూరం నుంచి చూసేవాళ్లకు ఇద్దరూ చేస్తున్నది ఒకటే పని. పదేళ్లవాణ్ని, నాకూ అప్పుడు తేడా తెలియలేదు. కానీ ఒకరు అల్లాహ్‌ను అడిగారు, మరొకరు సమాధిలోని మనిషిని అడిగారు. నా దృష్టిలో మొత్తం ప్రశ్న ఇక్కడే ఉంది. కాళ్లు ఎక్కడికి వెళ్లాయన్నది కాదు, నోరు ఎవరిని పిలిచిందన్నది.

రోజుకు ఐదు పూటల నమాజులో తప్పనిసరిగా చేయాల్సిన ఫర్జ్ రకాతులే (ఆవృతాలే) 17. ప్రతి రకాతులోనూ "ఇయ్యాక నఅబుదు వ ఇయ్యాక నస్తయీన్" అంటాం. మేము నిన్నే ఆరాధిస్తున్నాం, నిన్నే సహాయం అడుగుతున్నాం అని. పొద్దున ఫజర్‌లో ఆ మాట అన్న నోటితోనే పది గంటలకు దర్గాలో "నువ్వే ఇవ్వాలి బాబా" అంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ఆ రెండో ఆవిడ కళ్లు నాకు ఇప్పటికీ గుర్తే. ఎంత కష్టం ఆమెను అక్కడికి తెచ్చిందో! ఆమెను తిట్టడానికి నాకు మనసు రాదు. కానీ ఆమె అన్న మాట ఖురాన్ నేర్పిన మాట కాదు.

ఆ పిలుపును కూడా సమర్థించే ఆలిములు ఉన్నారని మీకు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇచ్చేది అల్లాహేనన్న నమ్మకం మనసులో ఉంటుంది, నోరు మాత్రం ప్రేమకొద్దీ వలీ పేరు పలుకుతుంది, అంతేనని వారంటారు. అందుకే అలా పిలిచినవారిని నేను ముష్రిక్ (షిర్క్ చేసినవారు) అనను. కానీ ఇచ్చేది అల్లాహేనని మనసుకు తెలిసినప్పుడు, ఆ పేరే నోటితో పలికితే పోయేదేముంది?

ఖురాన్ మూడో సూరాలో హజ్రత్ జకరియ్యా (అ) కథ చదవండి. సంతానం కోసం అల్లాడినవారికి అంతకంటే దగ్గరైన కథ లేదు. ముసలితనం వచ్చేసింది, భార్య గొడ్రాలు. తన సంరక్షణలో ఉన్న మర్యం (అ) గదిలోకి వెళ్లినప్పుడల్లా ఆమె దగ్గర ఆహారం కనిపించేది. ఇది ఎక్కడిదమ్మా అని అడిగితే, అల్లాహ్ దగ్గరి నుంచి అనేది. వెంటనే ఖురాన్ అంటుంది: "హునాలిక దఆ జకరియ్యా రబ్బహూ." అక్కడే, ఆ చోటే, జకరియ్యా తన ప్రభువును వేడుకున్నాడు. "అక్కడే" అన్న మాటను పట్టుకుని, పుణ్యాత్ములున్న చోట దుఆ చేయడం మంచిదని దర్గాలను గౌరవించే ఆలిములు అంటారు. ఆ మాట అక్కడ ఉంది, కాదనలేం. దాని పక్కనే "తన ప్రభువును" అని కూడా ఉంది. అంత మహిమ కళ్లారా చూసి కూడా ఆయన మర్యంను అడగలేదు. మా నానమ్మకు ఈ ఆయతు తెలుసో లేదో గానీ, ఆమె చేసింది అచ్చం ఇదే.

మెట్లు లేకుండా మేడ ఎక్కగలమా, బంట్రోతును దాటకుండా పెద్దాఫీసరును కలవగలమా అన్న మాట మీరూ వినే ఉంటారు. మనుషుల మధ్య అది నిజమే. ఆ ఆఫీసరుకు మన గోడు తెలియదు కాబట్టి చెప్పేవాడు కావాలి. రెండో సూరా 186వ ఆయతు చూడండి. ఖురాన్‌లో చాలాచోట్ల ప్రజలు నిన్ను ఫలానాది అడుగుతున్నారు అన్నాక, "ఓ ప్రవక్తా, వారికి చెప్పు" అని వస్తుంది. ఈ చోట ఆ "చెప్పు" లేదు. "నా దాసులు నన్ను గురించి నిన్ను అడిగితే, నేను దగ్గరే ఉన్నాను" అని అల్లాహే నేరుగా పలుకుతాడు. దాసుడు తన గురించి అడిగిన చోట, మధ్యలో ఆ ఒక్క మాటను కూడా ఉంచలేదు. ఈ ఆయతు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

మరి మా నానమ్మ అన్న "ఈయన నీకు ఇష్టమైనవాడు" అన్న ముక్క? దీన్నే వసీలా అంటారు. కరువొచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (ర), ప్రవక్త (స) బాబాయి హజ్రత్ అబ్బాస్ (ర)ను ముందు పెట్టుకుని వాన కోసం దుఆ చేశారని బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. బతికి ఉన్న పుణ్యాత్ముడి చేత దుఆ చేయించుకోవడానికే ఇది ఆధారం అని కొందరంటారు. చనిపోయినవారి పేరు మీదా అల్లాహ్‌ను అడగవచ్చని నాలుగు మజ్‌హబుల్లోనూ (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లోనూ) ఎందరో పెద్ద ఆలిములు ఒప్పుకున్నారు. ఏ రకంగా చూసినా అడుగుతున్నది అల్లాహ్‌నే కాబట్టి దాన్ని షిర్క్ అనడం నోరు జారడమే. నేను మాత్రం నా దుఆలో ఆ ముక్క వాడను. నానమ్మ వాక్యంలో మొదటి మాట, చివరి మాట నాకు చాలు.

దర్గాల్లో కనిపించే మిగతా పనుల సంగతి ఇంత చిక్కుగా లేదు. సమాధికి సజ్దా (సాష్టాంగం) చేయడం, చుట్టూ ప్రదక్షిణ చేయడం, గుమ్మానికి నుదురు రాయడం, ఇవి ఇస్లాం బోధ కాదు, ఇందులో దాపరికం ఏమీ అక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే దీన్ని దర్గాలను వ్యతిరేకించే వహాబీల మాట అని కొట్టిపారేస్తారు. దర్గాలను, ఉరుసులను గట్టిగా సమర్థించిన ఇమామ్ అహ్మద్ రజా ఖాన్ బరేల్వీ (1856-1921) ఏం రాశారో వారికి తెలియదు. సమాధికి కనీసం నాలుగు మూరల దూరంలో నిలబడండి, చేయి వేయకండి, ముద్దు పెట్టకండి, ప్రదక్షిణ కూడదు, సజ్దా హరాం అని ఆయన ఫత్వా. చాదర్ గురించి ఇంకా స్పష్టంగా చెప్పారు. ఉన్న చాదర్ పాతబడనప్పుడు ఇంకొకటి కప్పడం వృథా, ఆ డబ్బును పేదవాడికిచ్చి ఆ పుణ్యం వలీకి చేరాలని దుఆ చేయండన్నారు. ఆయనకంటే ఎనిమిది శతాబ్దాల ముందు, 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ కూడా సమాధిని తాకడం, ముద్దాడటం వద్దన్నారు. ఆయన సూఫీ మార్గానికి పెద్దదిక్కు. సూఫీ అంటే దర్గా, దర్గా అంటే సూఫీ అనుకుని ఒక వైపు వారు అన్నింటినీ సమర్థిస్తారు, మరో వైపు వారు అన్నింటినీ తిడతారు. ఆ పెద్దలు జీవితమంతా నేర్పింది మనసును అల్లాహ్ వైపు తిప్పడం. బాగ్దాద్‌లో 1166లో కన్నుమూసిన షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ ఉపన్యాసాల నిండా ఒకటే పాట: సృష్టి మీద ఆశ తెంచుకో, సృష్టికర్త తలుపు తట్టు అని. ఆయన పేరు పెట్టి పిలిచి సాయం అడిగేవారు ఆయన మాటలు చదివితే బాగుండును.

సమాధి మీద కట్టడం కట్టవద్దని, సున్నం పూయవద్దని ప్రవక్త (స) వారించినట్టు సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (ర) హదీసు ఉంది. దాన్ని చదివి కూడా గుంబద్ (గోపురం) కట్టడమే సున్నత్ (ప్రవక్త ఆచరణ) అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మదీనాలో ప్రవక్త (స) సమాధి మీది గుంబద్‌ను ఆధారంగా చూపిస్తారు గానీ, ఆయన్ను ఖననం చేసింది అప్పటికే ఉన్న ఆయిషా (ర) గదిలో. మొదటి గుంబద్ ఆరు శతాబ్దాల పైన గడిచాక 1279లో వచ్చింది, దానికి పచ్చరంగు 1837లో వేశారు. అయితే కూడదన్నంత మాత్రాన కట్టినవాటిని కూలగొడుతూ పోవడం, అక్కడికి వచ్చే జనాన్ని శత్రువుల్లా చూడటం ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూశాం. 2010లో లాహోర్ దాతా దర్బార్‌లో, 2017లో సేహ్వాన్‌లోని లాల్ షహబాజ్ ఖలందర్ దర్గాలో బాంబులు పేలి చనిపోయినవారు కలిమా (విశ్వాస వాక్యం) చదివిన ముస్లింలు. మీ తమ్ముడు అలాంటివాడని అనడం లేదు, అల్లాహ్ కాపాడుగాక. ఎదుటివాడు ముస్లిమే కాదన్న మాట నోటితో మొదలై ఎంత దూరం పోతుందో అతనికి తెలియాలని చెబుతున్నాను.

ఇక మీ మొక్కు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రవక్త (స) కాలంలో ఒకాయన బువానా అనే చోట ఒంటెను జిబహ్ చేస్తానని (కోస్తానని) మొక్కుకున్నాడు. వచ్చి చెప్పుకున్నాడు. ప్రవక్త (స) వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అక్కడ అజ్ఞాన కాలంలో పూజించిన విగ్రహం ఏదన్నా ఉండేదా అని అడిగారు. లేదన్నారు. వాళ్ల పండుగ ఏదన్నా అక్కడ జరిగేదా? లేదన్నారు. అయితే నీ మొక్కు తీర్చుకో అన్నారు. అబూ దావూద్‌లో ఉన్న ఈ హదీసు నాకు చాలా ఇష్టం. ముందు విచారించారు, ఆ తర్వాతే తీర్పు. మీ ఇంట్లో ఎవరూ అమ్మను ఇంతవరకు ఒక్క ప్రశ్న కూడా అడగలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

కాబట్టి ముందు అమ్మను అడగండి. నిలదీసినట్టు కాదు, పక్కన కూర్చుని, చేయి పట్టుకుని. "అమ్మా, అప్పుడు నువ్వు ఏమని మొక్కుకున్నావు? ఆ మాటలు గుర్తున్నాయా?" అని. "యా అల్లాహ్, నాకు మనవణ్నిస్తే నీ పేరు మీద మేకను కోసి, ఫలానా దర్గా దగ్గర బీదలకు పెడతాను" అని ఉంటే అది అల్లాహ్‌కు చేసుకున్న మొక్కే. దాన్ని తీర్చాలి. కానీ ఆ చోటే తీర్చాలన్న నిర్బంధం హనఫీ ఫిఖ్‌హ్‌లో (ధర్మశాస్త్రంలో) లేదు, ఎక్కడి బీదలకు పెట్టినా చెల్లుతుంది. ఆ మాంసం మొత్తం బీదలదే. మొక్కుకున్నవారు, వారి ఇంటివారు, కలిగినవారు తినకూడదు. బంధువులందరినీ పిలిచి విందు చేస్తే మొక్కు తీరినట్టు కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

అలా కాకుండా "బాబా, నువ్వు మనవణ్నిస్తే నీకు మేకను ఇస్తాను, నీకు చాదర్ కప్పుతాను" అని ఉంటే ఆ మొక్కు అసలు మొక్కే కాదు. మొక్కు కూడా ఇబాదతే (ఆరాధనే), అది అల్లాహ్‌కు తప్ప ఇంకెవరికీ చెల్లదు. వలీల పేరు మీద జనం మొక్కుకునే డబ్బు, దీపాలు, నూనె ఇవన్నీ చెల్లవని, హరాం అని 1836లో కన్నుమూసిన ఇబ్నె ఆబిదీన్ వంటి హనఫీ దిగ్గజాలే రాశారు. ఆ స్థితిలో అమ్మ చేయాల్సింది తౌబా (పశ్చాత్తాపం), అంతే. తీర్చాల్సిన బాకీ ఏదీ లేదు. ఆమె చేతిలో ఆ డబ్బు ఉంటే అల్లాహ్ పేరు మీద దానం చేయనివ్వండి. ఆమె మనసు కుదుటపడుతుంది.

మొక్కు గురించి ప్రవక్త (స) చెప్పిన ఇంకో మాట కూడా అమ్మకు మెల్లగా చెప్పండి. మొక్కు దేన్నీ ముందుకు తేదు, దేన్నీ వెనక్కి నెట్టదు, దానివల్ల పిసినారి చేతి నుంచి నాలుగు డబ్బులు బయటికి వస్తాయంతే అన్నారు. అంటే బాబు పుట్టింది మొక్కు వల్ల కాదు. మొక్కు లేకున్నా పుట్టేవాడు.

పిలక విషయంలో మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, తీసేయండి. పిల్లల తల కొంత గీసి కొంత వదిలేయడాన్ని ప్రవక్త (స) వారించారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పుట్టువెంట్రుకలకు మన దీన్‌లో ఇంత చక్కని పద్ధతి ఉండగా దర్గాదాకా ఎందుకు పోయామో! మనవడు హసన్ (ర) పుట్టినప్పుడు ప్రవక్త (స) కూతురు ఫాతిమా (ర)తో, వాడి తల గీయించి ఆ వెంట్రుకల బరువంత వెండి దానం చేయమన్నారు. ఏడో రోజు చేయడం సున్నత్. అప్పుడు కుదరకపోతే తర్వాతైనా చేయవచ్చని చాలామంది ఆలిములు అన్నారు. మీ బాబుకు అఖీఖా (బిడ్డ పుట్టినందుకు మేకను కోసే ఆచారం) కాలేదేమో కూడా చూసుకోండి. మొక్కు మేకను, అఖీఖా మేకను మాత్రం కలిపేయకండి, దేని లెక్క దానిదే.

తాయెత్తు గురించి ఒక్క మాట గట్టిగానే చెబుతాను. ఖురాన్ ఆయతులు రాసినది కట్టవచ్చా అన్నదానిపై ఆలిముల్లో రెండు మాటలున్నాయి, ఆ చర్చలోకి పోను. కానీ జ్వరంతో కాలిపోతున్న బిడ్డకు ముందు తాయెత్తు, తర్వాత డాక్టర్ అన్న వరస తప్పు. చికిత్స చేయించుకోండి, అల్లాహ్ మందు లేకుండా ఏ జబ్బునూ పెట్టలేదని ప్రవక్త (స) చెప్పారు. తమిళనాడులో ఏర్వాడి దర్గా ఊళ్లో 2001 ఆగస్టు 6న జరిగింది నేను మర్చిపోలేను. మతి చెడినవారికి నయమవుతుందని ఇంటివాళ్లు అక్కడి ఆశ్రమాల్లో వదిలి వెళ్లేవారు. ఒక పాకలో వారిని గొలుసులతో కట్టేసి ఉంచారు. తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులు విప్పేవారు లేక 28 మంది చనిపోయారు. ఆ వలీ వాళ్లను కట్టేయమన్నాడా? మన భయం, మన బద్ధకం ఆ పని చేశాయి. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో ముజావర్లు (దర్గా సేవకులు), మానసిక వైద్యులు కలిసి "దవా-దుఆ" పేరుతో పనిచేశారు. దుఆకు వచ్చినవారికి మందు కూడా అందింది. పెద్దలు చెప్పిన దారి ఇదే. దుఆ చేస్తూనే డాక్టర్ దగ్గరికి నడవండి. దారిలో సూరా ఫాతిహా చదివి బాబు మీద ఊదండి, దానికి దారాలు, ముడులు ఏవీ అక్కర్లేదు.

మీ తమ్ముడికి నా మాటగా ఇది చదివి వినిపించండి. బాబూ, తౌహీద్ (దేవుడు ఒక్కడే అన్న విశ్వాసం) మీద నీకున్న పట్టుదల నాకు నచ్చింది. సమాధిని అడగవద్దు అన్న నీ మాటలో బలం ఉంది. కానీ హజ్రత్ ఇబ్రాహీం (అ) తండ్రి విగ్రహాలు పూజించేవాడు. నీ తల్లి నమాజు చదివే మనిషి. 19వ సూరాలో ఇబ్రాహీం ఆ తండ్రితో నాలుగు మాటలు చెప్పాడు, నాలుగుసార్లూ "యా అబతి" అంటూనే మొదలుపెట్టాడు. ఓ నా నాన్నా అని. తండ్రి రాళ్లతో కొడతానంటే "నీకు సలాం, నీకోసం నా ప్రభువును మన్నింపు అడుగుతాను" అన్నాడు. నువ్వు అమ్మతో "నీ నమాజు చెల్లదు" అన్నావు. అది నీకెవరు చెప్పారు? యుద్ధంలో కలిమా చదివిన మనిషిని, ప్రాణభయంతో చదివాడనుకుని చంపేసిన ఉసామా (ర)ను ప్రవక్త (స) "అతని గుండె చీల్చి చూశావా?" అని అడిగారు. మీ అమ్మ గుండెలో ఏముందో నువ్వు అడిగి తెలుసుకున్నావా? ఇవాళే వెళ్లి ఆమెను మన్నించమని అడుగు. తబర్రుక్ తినాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆమె పెట్టిన అన్నం పక్కన కూర్చుని తిను.

అమ్మను దర్గాకు పోవద్దని కట్టడి చేయకండి చెల్లెమ్మా. ఈసారి ఆమె బయల్దేరినప్పుడు మీరూ వెంట వెళ్లండి. ఉరుసు రద్దీలో కాదు, మామూలు రోజు పొద్దున్నే. కాస్త దూరంలో నిలబడి ప్రవక్త (స) ఆయిషాకు నేర్పిన సలాం చెప్పండి: ఈ ఇళ్లలో ఉన్న విశ్వాసులారా, ముస్లింలారా, మీకు శాంతి కలుగుగాక, అల్లాహ్ తలిస్తే మేమూ మిమ్మల్ని కలుసుకునేవాళ్లమే. ఆ వలీ కోసం దుఆ చేయండి, ఆయన దర్జా పెంచమని అల్లాహ్‌ను అడగండి. వాళ్లకు మన దుఆ అవసరం ఉంటుందన్న సంగతే జనం మర్చిపోయారు. తర్వాత ఖిబ్లా (కాబా) వైపు తిరిగి, అమ్మకు వినిపించేలా మీ మాటల్లో అడగండి: యా అల్లాహ్, నువ్వే ఇచ్చావు, నువ్వే కాపాడు అని. ఏమనాలో మీరు చెప్పి దిద్దనక్కర్లేదు, పక్కన నిలబడి విన్న మాట ఆమె నోటికి మెల్లగా వస్తుంది.

పిలక తీయించే రోజు బాబును అమ్మ ఒడిలోనే కూర్చోబెట్టండి. వెంట్రుకలన్నీ ఒక కాగితంలో పోగుచేసి తూచండి, మహా అయితే కొన్ని గ్రాములుంటాయి. ఆ బరువంత వెండి ఖరీదును అమ్మ చేత్తోనే ఇప్పించండి. ఎవరికివ్వాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. ఆ ఆరేళ్లూ దర్గా మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో ఆమెకు తెలిసినంతగా మీకెవ్వరికీ తెలియదు.